గాలి పని గాలిది, నూనె పని నూనెది

అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రానికి వాయవ్య మూలన బెంటన్‌విల్ ఉంది. వాల్‌మార్ట్ ప్రధాన కార్యాలయం అక్కడే కావడంతో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల మీద వెళ్లిన తెలుగు కుటుంబాలు ఆ చుట్టుపక్కల స్థిరపడ్డాయి. 2007లో స్లాటర్ పెన్ దారులు తెరిచాక అది క్రమంగా మౌంటెన్ బైకుల ఊరైంది. తర్వాత కోలర్ కొండ మీద దూకుళ్ల దారులు వచ్చాయి, పక్కనున్న బెల్లా విస్టాలో బ్యాక్ 40 వచ్చింది. అంతా ఓజార్క్ కొండల నేల. సున్నపురాయి మెట్లు, వాటి మధ్య వదులుగా దొర్లే చెకుముకి రాళ్లు. ఈ సంవాదంలో ఇద్దరూ ఆ దారుల్లో తిరిగేవాళ్లే. శేషు అక్క మొగుడు, మురళి తమ్ముడు. శేషు బరువు 108 కిలోలు. హెల్మెట్, బూట్లు, నీళ్ల సంచీ కలిస్తే 115. మురళి తన బైకు షాకులు తనే విప్పి సర్వీసు చేసుకునే రకం. వాదన శేషు బైకు వెనక షాక్ గురించి.

శేషు: తీర్పు నువ్వే చెప్పు మురళీ. గాలి షాక్ కొనేటప్పుడు నాకు చెప్పింది ఒకటే మాట: బరువెంతైనా ఫర్వాలేదు, తగినంత గాలి కొట్టుకుంటే చాలని. కొట్టాను. 220తో మొదలుపెట్టి ఇప్పుడు 300 పీఎస్‌ఐకి వచ్చాను. షాక్ మీద 350 వరకూ కొట్టొచ్చని రాసుంది కాబట్టి హద్దు కూడా దాటలేదు. అయినా రాతిమెట్లు వరసగా వస్తే వెనక భాగం కూలబడిపోతోంది. పెద్ద దూకుడు దిగితే మాత్రం సీటొచ్చి తంతోంది. దీన్ని మెత్తదనాలా, గట్టిదనాలా?

మురళి: రెండూ అనాలి బావా. గాలి ఎక్కువై గట్టిపడింది, షాక్ లోపలి నూనె పట్టు చాలక తంతోంది. మీరు నూనె జబ్బుకి గాలి మందు వాడుతున్నారు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

శేషు: సామెతలు తర్వాత. నాకు లెక్క కావాలి. బరువు ఎక్కువైతే గాలి ఎక్కువ కావాలా, వద్దా?

మురళి: కావాలి. మీ బైకు వెనక చక్రం 140 మి.మీ. కదులుతుంది, అది ట్రావెల్. అదే సమయంలో షాక్ నలిగేది, అంటే స్ట్రోక్, 50 మి.మీ. మాత్రమే. అంటే సగటున చక్రం 2.8 మి.మీ. లేస్తే షాక్ 1 మి.మీ. లోపలికి పోతుంది. కదిలే దూరం ఎన్ని రెట్లు తగ్గితే మోయాల్సిన బలం అన్ని రెట్లు పెరుగుతుంది. మీ 115 కిలోల్లో 60 శాతం వెనక్కి పడిందనుకుంటే 69 కిలోలు. 2.8తో గుణిస్తే షాక్ మీద 193 కిలోలు. 75 కిలోల మనిషికి ఇదే లెక్క 126 కిలోల దగ్గర ఆగుతుంది. కాబట్టి గాలి ఎక్కువ కావాలన్న దాంట్లో మనకు తగాదా లేదు. ఎంత ఎక్కువ అన్నదే తగాదా.

శేషు: షాక్ పూర్తిగా నలిగి అడుగు తగలనంత. అంతకంటే సూటి కొలత ఏముంది?

మురళి: ఆ కొలతే మిమ్మల్ని 300కి తీసుకొచ్చింది. గాలికి కొలత అడుగు తగలడం కాదు, సాగ్. మనిషి బరువుకి షాక్ ఎంత కుంగి నిలబడుతుందన్నదే సాగ్. ఇలాంటి ట్రైల్ బైకులకి స్ట్రోక్‌లో 25 నుంచి 30 శాతం ఉండాలంటారు. మీ 50 మి.మీ. షాక్‌కి పన్నెండున్నర నుంచి 15 మి.మీ. ఇందాక మీరు ఎక్కి దిగితే షాక్ మీద కొలతకి ఉండే రబ్బరు రింగు 10 దగ్గర ఆగింది. 20 శాతం. మీరు దాన్ని ఎత్తుగా, బిర్రుగా నిలబెట్టారు.

శేషు: 30 శాతం అంటే చక్రం దగ్గర 42 మి.మీ. కూర్చోగానే అంత పోతే రాళ్లకి మిగిలేది 98. కొన్నది 140, వాడుకునేది 98! డబ్బు మొత్తానికీ ఇచ్చాను కదా.

మురళి: ఆ 42 మీ కిందే ఉంది బావా, ఎక్కడికీ పోలేదు. చక్రం పైకి లేవడానికే కాదు, కిందికి దిగడానికీ చోటు కావాలి. రాయి దాటగానే గుంట వస్తుంది. చక్రం ఆ గుంటలోకి దిగి నేలని పట్టుకోవాలంటే దిగే జాగా ముందే ఉండాలి. సాగ్ తగ్గితే చక్రం గుంట మీదుగా గాల్లో పోతుంది. ఆ క్షణంలో బ్రేకు వేసినా పట్టదు, మలుపు తిప్పినా పట్టదు. కిందటి వారం బ్యాక్ 40లో ఎక్కుడు దగ్గర వెనక చక్రం ఊరికే తిరిగిందని తిట్టుకున్నారు. టైరుని తిట్టారు. నన్నడిగితే అది సాగ్ తక్కువైన తిరుగుడు.

శేషు: పోనీ, ఎంత కొట్టమంటావు?

మురళి: కిలోల్ని పౌండ్లలోకి మార్చి అన్ని పీఎస్‌ఐలు కొట్టి మొదలుపెట్టమని కొన్ని షాకులకి వాటిని తయారుచేసే ఫాక్స్ కంపెనీ మాన్యువల్ చెబుతుంది. 115 కిలోలంటే సుమారు 253 పౌండ్లు. 253 దగ్గర మొదలుపెడదాం. అది మొదటి అంచనా మాత్రమే. ఒక్కో ఫ్రేముకి కీళ్ల అమరిక ఒక్కోలా ఉంటుంది కాబట్టి చివరి మాట రింగుదే. సామానంతా వేసుకుని, నీళ్ల సంచీ నింపుకుని, గోడ పట్టుకుని ఎక్కి, రెండు మూడుసార్లు మెల్లగా కుదిపి స్థిరపడాలి. రింగుని సీలు దాకా జరిపి, ఊపకుండా దిగాలి. దిగేటప్పుడు ఊపితే రింగు అబద్ధం చెబుతుంది.

శేషు: ఆ అంకె మీదే నాకు నమ్మకం లేదు. సాయంత్రం 250 కొట్టి పెట్టుకుంటే పొద్దున్న పంపు తగిలించేసరికి పది తక్కువ చూపిస్తుంది. అంతకుముందు పంపు విప్పినప్పుడే తుస్సుమని గాలి పోయింది. అందుకే నేనెప్పుడూ పది కలిపి కొడతాను.

మురళి: ఆ తుస్సు పంపు గొట్టంలో మిగిలిన గాలిది. షాక్ వాల్వు అప్పటికే మూసుకుని ఉంటుంది. పొద్దున్న తగిలించినప్పుడు ఖాళీగా ఉన్న గొట్టంలోకి షాక్ నుంచి కాస్త గాలి వస్తుంది, కాబట్టి ముల్లు తక్కువ చూపిస్తుంది. అసలు షాక్‌లో ఉండే గాలే చాలా తక్కువ, అందుకే గొట్టం నింపినా తేడా కనబడుతుంది. ప్రతిసారీ పది కలుపుతూ పోతే సాగ్ ఒక్క చోట నిలవదు.

శేషు: అది ఒప్పుకుంటాను. మరి కొత్తగా గాలి కొట్టి బయల్దేరితే మొదటి దిగుడులోనే మెత్తబడిపోవడం సంగతేంటి? అది లీకు కాదా?

మురళి: లీకైతే సబ్బునీళ్లు పూస్తే బుడగలొస్తాయి. ఇది చాలావరకు లీకు కాదు. షాక్‌లో గాలి గదులు రెండు. బరువు మోసే పెద్ద గది ఒకటి, దానికి ఎదురు నెట్టే చిన్న గది ఒకటి. ఆ చిన్నదాన్నే నెగటివ్ చాంబర్ అంటారు. మొదటి కుంగుడు తేలిగ్గా మొదలవడానికి అది ఉంది. పంపు నింపేది పెద్ద గదినే. రెండో గదికి గాలి చేరాలంటే షాక్ కాస్త నలిగి, మధ్యనున్న సన్నని దారి తెరుచుకోవాలి. మీరు కదపకుండా నింపి బయల్దేరితే ఆ సర్దుబాటు దారిలో జరుగుతుంది, ముల్లు పడిపోతుంది. అందుకే గాలి కొడుతూ మధ్యమధ్యలో షాక్‌ని పావు వంతు దాకా ఓ పదిసార్లు నెమ్మదిగా నొక్కి వదలాలి, మళ్లీ కొలవాలి. గాలి తీసేటప్పుడూ అంతే, కొంచెం కొంచెంగా తీస్తూ కదపాలి. ఒక్కసారిగా వదిలేస్తే చిన్న గదిలో గాలి మిగిలిపోయి షాక్‌ని లోపలికి లాగేస్తుంది. అలా లోపలే ఇరుక్కుపోయిన షాక్‌ని మాత్రం ఇంట్లో విప్పకూడదు, మెకానిక్కి ఇవ్వాల్సిందే. లోపలున్న ఒత్తిడికి ముక్కలు ఎగిరి తగులుతాయి.

శేషు: సరే, నీ మాట ప్రకారమే 253కి దించి 15 మి.మీ. తెచ్చాననుకో. 300 దగ్గరే అడుగు తగులుతున్నవాడికి 253 దగ్గర తగలదా? ఇదెక్కడి న్యాయం?

మురళి: అడుగు ఎక్కడ తగులుతోందో ముందు చెప్పండి. కోలర్‌లో ఎత్తు నుంచి దిగినప్పుడా, బ్యాక్ 40 రాతిమెట్ల వరసలోనా?

శేషు: ఎక్కువగా మెట్ల వరసలో. మొదటి రెండు మెట్లు బాగానే ఉంటాయి. నాలుగో ఐదో మెట్టుకి ఠంగుమంటుంది.

మురళి: అది గాలి తక్కువై తగలడం కాదు. మీ రీబౌండ్ నాబ్, ఆ ఎర్రది, ఎక్కడుంది?

శేషు: పూర్తిగా మూసేశాను. తంతోంది కాబట్టి.

మురళి: అక్కడుంది కిటుకు. రీబౌండ్ అంటే నలిగిన షాక్ మళ్లీ చాచుకునే వేగం. ఎర్ర నాబ్ కుడివైపు తిప్పేకొద్దీ ఆ వేగం తగ్గుతుంది. మీరు మూసేశారు కాబట్టి మొదటి మెట్టుకి నలిగిన షాక్ పూర్తిగా చాచుకోకముందే రెండో మెట్టు వస్తోంది. రెండోదాని మీద మూడోది. ఒక్కో మెట్టుకి కొంచెం కొంచెం కిందికి దిగిపోయి ఐదో మెట్టుకి మీ దగ్గర ట్రావెలే మిగలడం లేదు. మీరు దాన్ని మెత్తదనం అనుకుని ఇంకో ఇరవై కొట్టారు. గాలి పెరిగితే తన్ను పెరిగింది, తన్ను పెరిగితే నాబ్ ఇంకా బిగించారు.

శేషు: ఆగు. నాబ్ అంత మూసినా పెద్ద దూకుడు దిగితే ఇంకా తంతోందంటున్నాను కదా. నెమ్మదైపోయిన షాక్ ఎలా తంతుంది? రెండిట్లో ఒకటే నిజం కావాలి.

మురళి: రెండూ నిజమే. చాచుకునేటప్పుడు లోపలి నూనెకి రెండు దారులుంటాయి. చిన్న రంధ్రం ఒకటి, పల్చని ఉక్కు బిళ్లల దొంతర ఒకటి. ఆ బిళ్లల్ని షిమ్‌లంటారు. ఎర్ర నాబ్ ముఖ్యంగా చిన్న రంధ్రాన్నే బిగిస్తుంది. చిన్న చిన్న కదలికల్లో నూనె అక్కడినుంచే పోతుంది కాబట్టి మెట్ల మీద షాక్ బద్ధకించింది. పెద్ద దూకుడులో షాక్ లోతుగా నలుగుతుంది. అక్కడినుంచి మీ 300 పీఎస్‌ఐ గాలి వెనక్కి తోస్తే ఆ బలానికి బిళ్లలు వంగిపోతాయి, నూనె పెద్ద దారిన పోతుంది. ఆ దారి బయటి నాబ్ చేతిలో లేదు.

శేషు: అంటే నా షాక్ చిన్నవాటికి బద్ధకస్తుడు, పెద్దవాటికి దూకుడుగాడు. మరి ముందువైపు నీలం లివర్ ఉంది కదా? దాన్ని గట్టి వైపు తిప్పుకుని తిరిగితే నా బరువుని అదైనా మోస్తుంది. గాలి తగ్గించినా దిగబడకుండా ఉంటుంది.

మురళి: నీలం లివర్ కంప్రెషన్‌ది. నలిగేటప్పుడు నూనెని అడ్డేది. నూనె కదిలినప్పుడే అడ్డుతుంది. ఊరికే నిలబడి ఉన్న బైకు మీద ఆ లివర్‌తో సాగ్ మారదు. కుంగడానికి కాస్త ఎక్కువసేపు పడుతుందేమో, కుంగేది అంతే కుంగుతుంది. బరువు మోసేది గాలి, కదలికని అదుపు చేసేది నూనె. ఎవరి పని వాళ్లది. లివర్ గట్టిగా పెట్టి రాతిమెట్ల మీదకి వెళ్తే దెబ్బలన్నీ నేరుగా మీ నడుముకి వస్తాయి. తారురోడ్డు మీద, నునుపైన ఎక్కుడులో వాడుకోండి.

శేషు: నీ మాటల్లో ఒక లొసుగుంది. గాలి బరువుకి తగ్గట్టు పెంచుకోవచ్చు, ఒప్పుకున్నావు. సాగ్ 30 శాతం తెచ్చాక నా బైకూ 75 కిలోల వాడి బైకూ ఒకే తీరున ఊగాలి కదా? బరువు పెరిగింది, స్ప్రింగు బలం అదే నిష్పత్తిలో పెరిగింది. ఊపు ఒక్కటే అవ్వాలి. మరి ఒకడికి సరిపోయిన నూనె ఇంకొకడికి ఎందుకు చాలదు?

మురళి: మంచి ప్రశ్న బావా, అసలు విషయం అంతా అందులోనే ఉంది. ఊగే లయ ఒక్కటే, నిజం. ఆ ఊపుని ఆపాల్సిన బలం మాత్రం ఒక్కటి కాదు. బరువు, స్ప్రింగు రెండూ ఒకే నిష్పత్తిలో పెరిగితే దాన్ని అదే తీరుగా నిలబెట్టడానికి డ్యాంపింగూ, అంటే నూనె అడ్డూ, అదే నిష్పత్తిలో పెరగాలి. 115ని 75తో భాగిస్తే 1.53. మీకు గాలి ఒకటిన్నర రెట్లు కావాలి, నూనె అడ్డు కూడా ఒకటిన్నర రెట్లు కావాలి. గాలికి పంపు ఉంది. నూనెకి పంపు లేదు. ఫ్యాక్టరీలో బిళ్లల దొంతర ఎలా పేర్చారో అలాగే ఉంటుంది. ఆఫీసు తలుపులకి బిగించే డోర్ క్లోజర్ చూశారు కదా. తేలిక తలుపుని మెత్తగా మూసేది బరువైన టేకు తలుపుకి బిగిస్తే దాన్ని ధడేల్‌మని కొట్టేస్తుంది. తలుపుదీ తప్పు కాదు, క్లోజర్‌దీ తప్పు కాదు, జోడీ తప్పు.

శేషు: అంటే నాకు అంటగట్టింది టేకు తలుపుకి తేలిక క్లోజర్! మరి బైకు మాన్యువల్లో 136 కిలోల వరకు ఎక్కొచ్చని ఎందుకు రాశారు? 300 పౌండ్ల హద్దు. నేను దానికి 21 కిలోలు తక్కువున్నాను. హద్దులో ఉన్నవాడికి బండి పనిచేయాలి కదా?

మురళి: ఆ హద్దు విరగకుండా ఉండటానికి. ఫ్రేము, చక్రాలు, సీటుపోస్టు అంత బరువు ఓర్చుకుంటాయని భరోసా. ఆ బరువు దగ్గర సస్పెన్షన్ హాయిగా పనిచేస్తుందని అందులో ఎక్కడా లేదు.

శేషు: లేకపోవడమే నా ఫిర్యాదు. విరిగే బరువు రాసినవాళ్లు, నూనె ఏ బరువుకి పేర్చారో కూడా రాయాలి. దాన్ని దాచిపెట్టి గాలి కొట్టుకుంటే చాలనడం సగం నిజం. సగం నిజం అమ్మి పూర్తి డబ్బు తీసుకున్నారు.

మురళి: ఆ మాటకి నా దగ్గర ఎదురు లేదు. ఒకే షాక్‌ని తేలిక, మధ్యస్థ, గట్టి ట్యూన్లతో, అంటే బిళ్లల అమరికలతో, తయారుచేస్తారు. ఏ ఫ్రేముకి ఏది పెట్టాలో సైకిల్ కంపెనీ ఎంచుకుంటుంది. ఆ ఎంపిక సగటు మనిషిని చూసే చేస్తారు. ట్యూన్ అక్షరాలు కొన్ని షాకుల మీద ఉంటాయి, కానీ వాటి అర్థం కొనేవాళ్లకి ఎవరూ విప్పి చెప్పరు.

శేషు: అందుకే ఈ గాలి గొడవ వదిలేసి కాయిల్ స్ప్రింగ్ షాక్ వేయించుకుందామనుకుంటున్నాను. ఉక్కు స్ప్రింగు. పంపు లేదు, సీలు లేదు, అబద్ధం చెప్పే ముల్లు లేదు.

మురళి: వేయించుకోండి. కానీ ఇందాకటి 193 కిలోలు 15 మి.మీ. దగ్గర నిలబడాలంటే అంగుళానికి 700 పౌండ్లు దాటిన స్ప్రింగు కావాలి. అంత బిరుసు స్ప్రింగు అన్ని దుకాణాల్లో దొరకదు. ఇంకోటి. గాలిని నొక్కేకొద్దీ దానంతట అదే బిగుస్తుంది. ఉక్కు స్ప్రింగు చివరిదాకా ఒకే తీరున నలుగుతుంది కాబట్టి, చివర్లో బిగువు ఫ్రేము కీళ్ల నుంచి రావాలి. అన్ని ఫ్రేముల్లో అది రాదు. అన్నిటికంటే ముఖ్యం, కాయిల్ షాక్‌లోనూ నూనే, అవే బిళ్లలు. స్ప్రింగు మార్చినంత మాత్రాన 1.53 లెక్క తీరిపోదు.

శేషు: మొదట్లో వీటిలో ఏదీ లేదు కదా! 1976లో కాలిఫోర్నియాలో రీప్యాక్ కొండ మీంచి పందెం దిగినవాళ్ల బళ్లకి ముందూ సస్పెన్షన్ లేదు, వెనకా లేదు. పాత బరువు సైకిళ్లు. వాళ్లు దిగలేదా?

మురళి: దిగారు. ఒక్క దిగుడుకే వెనక హబ్బు బ్రేకులో గ్రీజు కాలిపోయి మళ్లీ నింపుకునేవారు. సస్పెన్షన్ లేకుండా దిగడం వేరు, ఉన్న సస్పెన్షన్ తంతుంటే దిగడం వేరు. లేనిది మిమ్మల్ని తన్నదు. మీరు అలాగే దిగుతానంటే వెనక సస్పెన్షన్ లేని హార్డ్‌టెయిల్ బైకు కొనిపెడతాను.

శేషు: వద్దులే, నా నడుము ఒప్పుకోదు. సరే, డబ్బు పెట్టకుండా ముందు ఏం చేయొచ్చో చెప్పు. నువ్వు ఎటు తిరిగీ షాక్ విప్పి బిళ్లలు మార్పించమంటావని నాకు తెలుసు.

మురళి: ముందే అనను. మొదట 253 కొట్టి, షాక్‌ని నొక్కి వదులుతూ సర్ది, రింగు 14–15 మధ్య వచ్చేలా గాలి సవరించండి.

శేషు: 14 అంటాను. 15 కాదు. దానికి కారణం ఉంది. నీ 60 శాతం లెక్క మీద నాకు అనుమానం. నేను ఆరడుగుల మనిషిని, సీటు బాగా పైకి లాగి ఉంది, సీటు గొట్టం వెనక్కి వాలి ఉంది. నా కూర్చునే చోటు వెనక చక్రానికి దగ్గర. ఎక్కుడులో నా బరువు 60 శాతం కంటే ఎక్కువే వెనక్కి పడుతుంది. అప్పుడు వెనక కుంగి, ముందు చక్రం తేలిపోతుంది, పెడలు రాళ్లకి తగులుతుంది. పొట్టివాడి 30 శాతం, పొడుగువాడి 30 శాతం ఒక్కటి కాదు.

మురళి: అది నిజం. నేను సాగ్ సంగతే చూశాను, మనిషి ఎక్కడ కూర్చుంటాడో లెక్కలోకి తీసుకోలేదు. 14 పెట్టండి, 28 శాతం. కానీ ముందు ఫోర్కు కూడా చూడాలి. దానికి 15 నుంచి 20 శాతం సాగ్ ఉండాలి. వెనక సరిచేసి ముందు వదిలేస్తే బైకు ముక్కు ఎత్తుకునో, ముక్కు దించుకునో నడుస్తుంది.

శేషు: తర్వాత?

మురళి: ఎర్ర నాబ్ పూర్తిగా మూసిన చోటు నుంచి వెనక్కి క్లిక్కులు లెక్కపెట్టండి. గాలి ఎక్కువున్నవాళ్లకి మూసిన వైపే, అంటే తక్కువ క్లిక్కుల దగ్గరే, సరైన చోటు దొరుకుతుంది. రెండు మూడు క్లిక్కులు తెరిచి, కూర్చుని రోడ్డు గట్టు మీంచి దిగండి. సీటు కుంగి, లేచి, నిలబడాలి. లేచాక రెండోసారి ఊగితే వేగం ఎక్కువ, ఒక క్లిక్కు మూయాలి. లేవడానికే బద్ధకిస్తే ఒక క్లిక్కు తెరవాలి. ఆపైన బ్యాక్ 40లో ఆ మెట్ల వరసకే వెళ్లి, ఒక్కోసారి ఒక్క క్లిక్కే మార్చి చూడాలి. ఒకేసారి గాలీ నాబూ రెండూ మారిస్తే దేనివల్ల ఏం జరిగిందో తేలదు.

శేషు: మెట్ల మీద బాగుపడి, కోలర్ దూకుళ్లలో అడుగు తగిలితే? అప్పుడైనా గాలి పెంచనిస్తావా?

మురళి: అప్పుడూ గాలి కాదు, స్పేసర్. గాలి గదిలో వేసే ప్లాస్టిక్ దిమ్మ. గది జాగా తగ్గిస్తుంది. ఒక లెక్క చెప్తాను, అంకెలు ఊహకి మాత్రమే. గదిలో 3 పాళ్ల జాగా ఉందనుకోండి. షాక్ పూర్తిగా నలిగితే 1 పాలు మిగులుతుంది. అంటే చివర్లో ఒత్తిడి మూడు రెట్లు. ఇప్పుడు 0.2 పాలు స్పేసర్ వేశాం. మొదట్లో 2.8, చివర్లో 0.8. ఒత్తిడి మూడున్నర రెట్లు. చివర్లో బిగువు 17 శాతం పెరిగింది. అదే సాగ్ దగ్గర చూస్తే పెరిగింది 2 శాతం కూడా లేదు. పై భాగం మెత్తగానే ఉంటుంది, అడుగున మాత్రం బిగుస్తుంది. మీరు గాలితో చేసింది మొదటి మిల్లీమీటరు నుంచి చివరిదాకా అంతటినీ బిగించడం.

శేషు: ఇది నాకు నచ్చింది. అయితే నాలుగు స్పేసర్లు పడేద్దాం.

మురళి: నాలుగొద్దు. ఒక్కొక్కటే. ఎన్ని పట్టవచ్చో మాన్యువల్లో గరిష్ఠ సంఖ్య ఉంటుంది. ఎక్కువ వేస్తే చివర్లో గాలి గోడలా ఆగుతుంది, అక్కడ దాచుకున్న బలమంతా మళ్లీ చాచుకునేటప్పుడు మీ మీదికే వస్తుంది. దాన్ని ఆపాల్సింది మళ్లీ ఆ నూనే. పైగా బయటికి వెళ్లినప్పుడల్లా ఒక్కసారైనా పూర్తి స్ట్రోక్ వాడుకోవాలి. ఎప్పుడూ అడుగు తగలని షాక్ అంటే ఎప్పుడూ మొత్తం వాడని షాక్. కొన్నది 140 అని లెక్కపెట్టింది మీరే.

శేషు: నా మాట నాకే అప్పజెప్పావు. సరే, ఇవన్నీ చేశాను. అప్పటికీ తంతే?

మురళి: అప్పుడే బిళ్లల సంగతి. సరిగ్గా అనిపించే చోటు ఎర్ర నాబ్ మూసిన అంచుకి ఒకటి రెండు క్లిక్కుల దగ్గరే ఉండి, ఇంకా మూయాలనిపిస్తే మీ బరువు ఆ ట్యూన్ పరిధి దాటిందని అర్థం. షాక్ సర్వీసు చేసేవాళ్లకి మీ బరువు, బైకు మోడలు, ఏ దారుల్లో తిరుగుతారో చెబితే దొంతర గట్టిగా పేరుస్తారు. రీబౌండ్‌కే కాదు, కంప్రెషన్‌కి కూడా. ఎలాగూ మీ షాక్‌కి సర్వీసు దగ్గరపడింది. గాలి గది సీళ్లని 50 గంటల సవారీకి ఒకసారి మార్చమని షాకులు చేసే రాక్‌షాక్స్ కంపెనీ చెబుతుంది. బిళ్లల కోసం డ్యాంపర్, అంటే నూనె భాగం, విప్పినప్పుడే ఈ పనీ చేయిస్తే కూలీ రెండుసార్లు పడదు.

శేషు: ఇదే నాకు మింగుడుపడదు. తేలికవాడు పెట్టెలోంచి తీసి తొక్కుకుంటాడు. నేను అదే ధర పెట్టి కొని, దానిమీద ఇంకో ఖర్చు పెట్టి, సగటు మనిషికి ఉచితంగా దొరికే హాయి కొనుక్కోవాలి. మెకానిక్కు ముందు నిలబడి నా బరువు చదివి వినిపించాలి కూడా.

మురళి: 50 కిలోల మనిషికీ ఇదే గొడవ బావా, అటువైపు. గాలి తగ్గిస్తుంది, నాబ్ పూర్తిగా తెరుస్తుంది, అయినా షాక్ మొద్దుగానే ఉంటుంది. ఆమె దొంతర పల్చన చేయించుకోవాలి. ఫ్యాక్టరీ మధ్యలో నిలబడింది, అంచుల్లో ఉన్నవాళ్లు ఇద్దరూ నడిచి రావాలి.

శేషు: అది ఓదార్పే కానీ న్యాయం కాదు. నా మాట మార్చుకోను. గాలి నా తప్పు, ఒప్పుకుంటాను, 300 నుంచి దించుతాను. నూనె సంగతి మాత్రం వాళ్లు కొనేముందే చెప్పాల్సింది.

మురళి: నా మాటా మార్చుకోను. వాళ్లు చెప్పేదాకా ఆగితే మీ నడుము ఆగదు. వచ్చేసారి బైకు కొనేటప్పుడు ఒక పని చేయండి. ఇదే 140 మి.మీ. ట్రావెల్‌ని 55 మి.మీ. స్ట్రోక్ షాక్‌తో ఇచ్చే ఫ్రేము చూడండి. 2.8 కాస్తా 2.55కి దిగుతుంది. షాక్ మీద పడే 193 కిలోలు 176 అవుతాయి. గాలీ తక్కువ చాలు, నూనెకీ పని తేలికవుతుంది.

శేషు: వచ్చేసారి సంగతి మీ అక్కతో మాట్లాడు, నాతో కాదు. ఇప్పటికి ఒప్పందం ఇది. నేను 14 మి.మీ. సాగ్ పెడతాను, క్లిక్కులు రాసుకుంటాను. నాబ్ అంచుకి చేరకుండానే షాక్ కుదురుకుంటే సర్వీసు ఖర్చు లేదు, నువ్వు గెలిచినా నా జేబు గెలిచింది.

మురళి: అంచుకి చేరితే?

శేషు: అప్పుడు షాక్ విప్పిస్తాను. బిల్లు నేను కడతాను. కానీ ఫిర్యాదు ఉత్తరం నువ్వు రాయాలి, ఆ 1.53 లెక్కతో సహా.